ట్రాన్సిస్టర్ ఒక్కటే కాదు: రేడియోను మార్చిన ఇరవై ఏళ్లు (1939–1959)

1954 అక్టోబరు 18న అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అనే బుల్లి రేడియోను ప్రకటించారు. ధర 49 డాలర్ల 95 సెంట్లు. వెడల్పు 3 అంగుళాలు, ఎత్తు 5, మందం ఒకటింబావు. లోపల నాలుగే నాలుగు ట్రాన్సిస్టర్లు. రేడియో చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది కథను ఇక్కడే మలుపు తిప్పుతారు. దీనికి ముందు బల్ల మీద కదలకుండా కూర్చున్న వాల్వు రేడియో, దీని తర్వాత జేబులో తిరిగే రేడియో, ఈ రెంటి నడుమ 1947లో బెల్ ల్యాబొరేటరీస్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్. చెప్పడానికి సులువైన కథ, వినడానికీ బాగుంటుంది.

టీఆర్-1 వెనక మూత తీసి చూస్తే లెక్క మారుతుంది. ట్రాన్సిస్టర్లు నాలుగే. మిగతా చోటంతా వేరే భాగాలది. ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ దగ్గర ఇంపీడెన్స్ చాలా తక్కువ. అందుకని ఒక దశ నుంచి ఇంకో దశకు సిగ్నల్‌ను దాటించే కండెన్సర్ విలువ వాల్వు సెట్‌లో కన్నా వందల రెట్లు ఎక్కువ ఉండాలి. విలువ పెరగాలి, పరిమాణం తగ్గాలి. అంటే మైక్రోఫారడ్ల స్థాయి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్‌ను గోరంత చేయాలి. స్టేషన్ తిప్పే గ్యాంగ్ కండెన్సర్, స్పీకరు, ఐ.ఎఫ్. (సెట్ లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్లు కూడా అంతకు ముందు లేని కొలతల్లో కొత్తగా చేయించుకోవలసి వచ్చింది. అప్పటి జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నీరసపడేవి కాబట్టి, మామూలు సెట్లలో 455 కిలోహెర్ట్జ్ ఉండే ఐ.ఎఫ్.ను ఇందులో 262కి దించారు. 22.5 వోల్టుల బ్యాటరీ, వినికిడి యంత్రాల కోసం అప్పటికే బజారులో ఉన్న రకం. తీగల బదులు వాడిన ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మూలాలు రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఉన్నాయి.

మరి ఇరవయ్యో శతాబ్దం నడిమిలో రేడియోను మార్చింది ఏది? ట్రాన్సిస్టరా, దాని చుట్టూ ఉన్న కండెన్సర్లు, క్రిస్టళ్లు, బోర్డులా? సైన్యం డబ్బా, జేబు రేడియో కావాలనుకున్న జనం కోరికా, ఫ్యాక్టరీలో చేతులు నేర్చిన పనా? చరిత్రకారులు, ఇంజనీర్లు ఈ ప్రశ్న చుట్టూ దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఒక్కో వాదం తన సాక్ష్యాన్ని తాను చూపిస్తుంది, పక్కవాడి సాక్ష్యాన్ని పక్కన పెడుతుంది. ఆ సాక్ష్యాలన్నిటినీ ఒకచోట పరిచి చూడడం ఈ వ్యాసం పని.

యుద్ధం వదిలి వెళ్లిన సామాను

చిన్నది చేయాలన్న ప్రయత్నం యుద్ధంతో మొదలు కాలేదు. 1940 నాటికే ఆర్.సి.ఎ. కంపెనీ ఏడు పిన్నుల మినియేచర్ వాల్వులు తెచ్చి, వాటితో బీపీ-10 అనే చేతి రేడియోను అమ్మింది. యుద్ధం ఆ పనికి వేగాన్నీ, అంతులేని డబ్బునూ ఇచ్చింది.

తర్వాత మోటరోలాగా పేరు మార్చుకున్న గాల్విన్ కంపెనీ తయారుచేసిన రెండు సెట్లు ఆ వేగానికి మంచి ఉదాహరణలు. ఎస్.సి.ఆర్.-536 అనే హ్యాండీ టాకీ ఐదు వాల్వుల సెట్. సుమారు 2.3 కిలోల బరువు, ఏ.ఎం. పద్ధతి, ఒక మైలు దాకా మాట. ఎస్.సి.ఆర్.-300 వీపున మోసే వాకీ టాకీ. 18 వాల్వులు, సుమారు 16 కిలోలు, 40 నుంచి 48 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్.ఎం. డేనియల్ నోబుల్ నాయకత్వంలో రూపొందిన ఈ సెట్‌లో పంపే భాగానికీ, అందుకునే భాగానికీ కలిపి ఒకే డయల్. రేడియో శిక్షణ లేని సిపాయి కూడా తిప్పగలగాలన్న ఆలోచన ఆ ఒక్క డయల్‌లో కనిపిస్తుంది.

హ్యాండీ టాకీ ఫ్రీక్వెన్సీ కదలకుండా నిలబెట్టింది క్వార్ట్జ్ క్రిస్టల్. పలచగా కోసిన స్ఫటికం ముక్క మందాన్ని బట్టి ఒకే వేగంతో కంపిస్తుంది. అందుకే యుద్ధంలోని వేలకు వేల సెట్లు ఒకదాన్నొకటి తప్పకుండా పట్టగలిగాయి. యుద్ధానికి ముందు అమెరికాలో క్రిస్టళ్లు కోసేవాళ్లు కొద్దిమంది, ఎక్కువగా అమెచ్యూర్ రేడియో వాళ్లు. యుద్ధం మధ్యకు వచ్చేసరికి ఉత్పత్తి కోట్లలోకి వెళ్లింది. ముడి స్ఫటికం దాదాపు అంతా బ్రెజిల్ నుంచి వచ్చేది. అంతలో ఒక పెద్ద చిక్కు ఎదురైంది. ఫ్యాక్టరీలో పరీక్షించి పంపిన క్రిస్టళ్లు వేడి, తేమ ఉన్న చోట్ల కొన్ని వారాలకే ఫ్రీక్వెన్సీ మారిపోయి, సెట్లను మూగవి చేసేవి. కారణం, అరగదీసేటప్పుడు పైపొర నలిగి వదులైన సూక్ష్మ కణాలు. చివరి కొలతకు అరగదీయడం మాని, ఆమ్లద్రావణంలో ముంచి పైపొరను కరిగించే పద్ధతి వచ్చాక చిక్కు తీరింది. ఈ పనిలో వర్జిల్ బాటమ్ పేరు ప్రముఖంగా చెబుతారు. రేడియో చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతికి ఒక పేరా కూడా దక్కదు. అది తీరకపోయి ఉంటే సైనిక రేడియో వ్యవస్థకే ముప్పు వచ్చేది.

రెండో ముడిసరుకు అభ్రకం. మన ఊళ్లలో కాకి బంగారం అనేది ఇదే. వాల్వు లోపల గ్రిడ్‌లనూ ప్లేటునూ కదలకుండా పట్టుకునే పలచని బిళ్లలు అభ్రకానివి. నమ్మకమైన కండెన్సర్లలో లోహపు రేకుల మధ్య పొర కూడా అభ్రకమే. వేడికి చెడదు, కరెంటును కారనివ్వదు, అంగుళంలో కొన్ని వేలవంతుల మందానికి పొరలుగా విడిపోతుంది. మంచి రకం సరుకుకు ప్రపంచమంతా భారతదేశం మీద ఆధారపడింది. అప్పటి బీహార్‌లోని కోడర్మా, హజారీబాగ్ ప్రాంతాల ఎర్రజీర అభ్రకం, ఇటు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గూడూరు, రాపూరు, సైదాపురం ప్రాంతాల ఆకుపచ్చజీర అభ్రకం. సరుకు పంపకం చేజారకుండా బ్రిటన్, అమెరికా కలిసి 1942లో జాయింట్ మైకా మిషన్ అనే సంస్థనే పెట్టుకున్నాయి. పొరలు విడదీసే పని యంత్రాలది కాదు, మనుషుల చేతులది.

దొరకని సరుకు కొత్త సరుకును పుట్టించింది. అభ్రకం కొరత ఉన్న జర్మనీ యుద్ధానికి ముందు నుంచే పింగాణీ కండెన్సర్ల వైపు తిరిగింది. అమెరికాలో కార్నింగ్ కంపెనీ గాజు పొరల కండెన్సర్లు చేసింది. బేరియం టైటనేట్ అనే పదార్థానికి విద్యుత్తును నిలవ ఉంచుకునే గుణం అసాధారణంగా ఎక్కువని యుద్ధకాలంలో అమెరికా, సోవియట్ యూనియన్, జపాన్‌లలో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా కనిపెట్టారు. తర్వాతి కాలపు చిన్న సిరామిక్ కండెన్సర్లకు పునాది ఇదే.

ఇక ప్రాక్సిమిటీ ఫ్యూజ్. శత్రువిమానం దగ్గరకు రాగానే ఫిరంగి గుండును తనంతట తానే పేల్చే పరికరం అది. గుండు ముక్కులో అమరే ఆ పరికరంలో ఒక చిన్న రేడియో ఉంటుంది. మెర్ల్ ట్యూవ్ నడిపిన ఈ పథకంలో వాల్వులు ఫిరంగి నుంచి వెలువడే క్షణంలో గురుత్వాకర్షణకు దాదాపు 20,000 రెట్ల ఒత్తిడిని తట్టుకోవలసి వచ్చింది. వినికిడి యంత్రాల కోసం చేసిన సబ్‌మినియేచర్ వాల్వులే అందుకు పనికొచ్చాయి. 1943 జనవరిలో హెలెనా అనే యుద్ధనౌక ఈ ఫ్యూజులను మొదట యుద్ధంలో వాడింది. మోర్టార్ గుండ్ల ఫ్యూజ్ కోసం నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్, సెంట్రలాబ్ కంపెనీ కలిసి పింగాణీ పలక మీద వెండి సిరాతో తీగలు, కార్బన్ సిరాతో రెసిస్టర్లు అచ్చువేశాయి. అటు లండన్‌లో పాల్ ఐస్లర్ అనే ఆస్ట్రియన్ ఇంజనీరు రాగిరేకును కరిగించి తీగల దారులు మిగిల్చే పద్ధతికి 1943లో పేటెంట్ కోరాడు. తర్వాత ప్రపంచమంతా పాకింది ఈ రాగిరేకు పద్ధతే.

1947 డిసెంబరు, ఆ తర్వాత

ఈ భాగం అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చాలు. జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటైన్ 1947 డిసెంబరు 16న పాయింట్ కాంటాక్ట్ ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. 1948 జూన్ 30న ప్రపంచానికి చెప్పారు. విలియం షాక్లీ ఊహించిన జంక్షన్ ట్రాన్సిస్టర్ 1951లో వెలుగులోకి వచ్చింది. 1952 ఏప్రిల్‌లో బెల్ ల్యాబ్స్ లైసెన్సు తీసుకున్న కంపెనీలను పిలిచి తయారీ రహస్యాలు నేర్పింది. రుసుము 25,000 డాలర్లు. వినికిడి యంత్రాలు చేసేవాళ్లకు రాయల్టీ లేదు. 1952 చివర్లో సోనోటోన్ వినికిడి యంత్రంలో ట్రాన్సిస్టర్ మొదటిసారి సామాన్యుడి ఒంటి మీదికి వచ్చింది. 1954లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గోర్డన్ టీల్ సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను చూపాడు.

చాలా కథనాలు వదిలేసే రెండు విషయాలు ఇక్కడ గుర్తుచేయాలి. ఒకటి, శుద్ధమైన జర్మేనియం, సిలికాన్ చేయడం యుద్ధకాలపు రాడార్ డయోడ్ల కోసం నేర్చుకున్న విద్య. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కార్ల్ లార్క్-హోరోవిట్జ్ బృందం జర్మేనియంపై చేసిన పని లేకుండా 1947 నాటి ప్రయోగాన్ని ఊహించడం కష్టం. రెండు, 1948లోనే ఫ్రాన్స్‌లో హెర్బర్ట్ మటారే, హైన్రిష్ వెల్కర్ విడిగా అదే పరికరాన్ని చేసి ట్రాన్సిస్ట్రాన్ అని పేరు పెట్టారు. వాళ్లిద్దరూ యుద్ధంలో జర్మనీ రాడార్ పరిశోధనలో ఉన్నవాళ్లే.

నాలుగు వాదాలు

మొదటిది ఆవిష్కరణ వాదం. ఒక ప్రయోగశాల, ముగ్గురు శాస్త్రవేత్తలు, క్వాంటం భౌతికశాస్త్రం. మైఖేల్ రియోర్డన్, లిలియన్ హాడెసన్ 1997లో రాసిన క్రిస్టల్ ఫైర్ పుస్తకం ఈ కథను అత్యంత సమగ్రంగా చెప్పింది. ఈ వాదం బలం కాదనలేనిది. వాల్వును ఎంత చిన్నది చేసినా ఫిలమెంటు వేడెక్కాలి, దానికి ఒక బ్యాటరీ కావాలి. ప్లేటుకు 67.5 లేదా 90 వోల్టుల ఇంకో బ్యాటరీ కావాలి. ఆ గోడను బద్దలు కొట్టింది ట్రాన్సిస్టరే. దీని బలహీనత, 1947 నుంచి జేబు రేడియో దాకా పట్టిన ఏడేళ్లను వేచి ఉన్న కాలంగా మాత్రమే చూడడం. ఆ ఏడేళ్లలోనే అసలు శ్రమ జరిగింది.

రెండోది సైన్యం వాదం. చరిత్రకారుడు థామస్ మీసా 1985లో రాసిన వ్యాసం దీనికి ఆధారం. అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్ బెల్ ల్యాబ్స్ పరిశోధనకు డబ్బు ఇవ్వడంతో ఆగలేదు. ఇంకా కొనేవాళ్లు లేని సరుకుకు ఫ్యాక్టరీలు కట్టించింది, ఏ గుణాలున్న ట్రాన్సిస్టర్లు కావాలో చెప్పింది, దిశను కూడా మార్చింది. చవకకన్నా అధిక ఫ్రీక్వెన్సీ, వేడిని తట్టుకునే శక్తి ముఖ్యమయ్యాయి. ఈ వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యం జపాన్. సైనిక ఒప్పందాల పోషణ లేని టోక్యో త్సుషిన్ కోగ్యో అనే చిన్న కంపెనీ 1955లో టీఆర్-55 రేడియోను, 1957లో ఇంకా చిన్నదైన టీఆర్-63ని తెచ్చింది. 1958 జనవరిలో అదే సోనీ అయింది. ఆ కంపెనీలో లియో ఎసాకి చెడిపోయిన ట్రాన్సిస్టర్ల గుట్టు వెతుకుతూ 1957లో టన్నెల్ డయోడ్‌ను కనిపెట్టి, 1973లో నోబెల్ అందుకున్నాడు. ఫ్యాక్టరీ సమస్యలోంచి మౌలిక భౌతికశాస్త్రం పుట్టిన ఉదాహరణ అది.

మూడోది కోరిక వాదం. మైఖేల్ బ్రయన్ షిఫర్ 1991లో అమెరికా పోర్టబుల్ రేడియో చరిత్ర రాస్తూ, జేబులో పట్టే రేడియో కావాలన్న కల ట్రాన్సిస్టర్‌కన్నా చాలా ముందుదని చూపాడు. 1945లోనే బెల్మాంట్ కంపెనీ ఐదు సబ్‌మినియేచర్ వాల్వులతో బులెవార్డ్ అనే జేబు రేడియోను అమ్మకానికి పెట్టింది. చెవిలో పెట్టుకుని వినాలి. అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఇక్కడే ఈ వాదం రెండువైపులా కోస్తుంది. పరికరం సాధ్యమేనని బులెవార్డ్ రుజువు చేసింది. కల ఒక్కటే సరిపోదనీ అదే రుజువు చేసింది.

నాలుగోది తయారీ వాదం. క్రిస్టోఫ్ లెక్యుయేర్ సిలికాన్ వ్యాలీ పుట్టుక గురించి 2006లో రాసిన పుస్తకంలో, ఆ ప్రాంతపు నైపుణ్యం ట్రాన్సిస్టర్‌తో మొదలు కాలేదనీ, ఐటెల్-మెక్‌కల్లో, లిట్టన్, వేరియన్ కంపెనీల్లో పవర్ వాల్వులు, మైక్రోవేవ్ వాల్వులు చేసిన చేతులతో వచ్చిందనీ వాదించాడు. వాక్యూమ్ పట్టడం, గాజునూ లోహాన్నీ అతికించడం, దుమ్ములేని గదిలో పనిచేయడం అన్నీ అక్కడ నేర్చినవే. వారిలో చాలామంది అమెచ్యూర్ రేడియో వాళ్లు కావడం యాదృచ్ఛికం కాదు.

ఈ వ్యాసం మొగ్గు నాలుగో వాదం వైపు. దానికి కారణం టంకం. 1940ల రేడియోలో ప్రతి కీలునూ ఒక మనిషి కాలుతున్న సోల్డరింగ్ ఐరన్‌తో అతికేవాడు. భాగాలు పెరిగేకొద్దీ కీళ్లు పెరుగుతాయి, కీళ్లతో పాటు లోపాలు పెరుగుతాయి. 1949లో సిగ్నల్ కోర్ ఇంజనీర్లు మో అబ్రామ్‌సన్, స్టానిస్లాస్ డాంకో భాగాల కాళ్లను బోర్డు రంధ్రాల్లోంచి దూర్చి, బోర్డు మొత్తాన్ని కరిగిన సోల్డర్‌లో ముంచి ఒక్కసారిగా అతికే పద్ధతి తెచ్చారు. అంతకన్నా ముందే, 1947లో బ్రిటన్‌లో జాన్ సార్‌గ్రోవ్ రేడియో ప్యానెళ్లను యంత్రాలతో తయారుచేసే లైను నడిపి చూపాడు. అమెరికా నౌకాదళం డబ్బుతో బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ నడిపిన టింకర్‌టాయ్ పథకంలో పింగాణీ బిళ్లలను ఒకదానిపై ఒకటి పేర్చారు. ఆర్.సి.ఎ. 1958లో మొదలుపెట్టిన మైక్రోమాడ్యూల్ కూడా అదే దారి. ఈ రెండూ నిలవలేదు. అదే 1958 సెప్టెంబరు 12న జాక్ కిల్బీ ఒకే జర్మేనియం ముక్కపై మొత్తం సర్క్యూట్ చేసి చూపాడు. 1959లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో జాన్ హోర్నీ ప్లేనార్ పద్ధతి, రాబర్ట్ నోయిస్ దానిపై కట్టిన ఆలోచన దాన్ని ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకుగా మార్చాయి. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (ఐసీ) అనే ఈ సరుకు వెనక ఉన్న తొందర పరిమాణం గురించి మాత్రమే కాదు, లెక్కలేనన్ని కీళ్లను వదిలించుకోవడం గురించి.

కొత్త పద్ధతిని అందరూ ఒప్పుకోలేదు. టీవీలు చేసే జెనిత్ కంపెనీ తమ సెట్లలో ప్రింటెడ్ బోర్డు లేదనీ, అన్నీ చేత్తో అతికినవేననీ ఏళ్ల తరబడి ప్రకటనలు ఇచ్చింది. తొలినాటి బోర్డుల్లో రాగిదారులు లేచిపోవడం, పగుళ్లు పడడం మెకానిక్‌లకు బాగా తెలుసు కాబట్టి ఆ ప్రకటనలు జనాన్ని నమ్మించాయి.

నాలుగు వాదాలనూ పక్కపక్కన పెడితే ఇలా తేలుతుంది. ట్రాన్సిస్టర్ ఎందుకు సాధ్యమైందో మొదటి వాదం చెబుతుంది, ఎందుకు అంత త్వరగా ఎదిగిందో రెండోది చెబుతుంది. జేబు రేడియోకు కొనేవాళ్లు ఎందుకు సిద్ధంగా ఉన్నారో మూడోది చెబుతుంది. ఆ రేడియో రెండేళ్ల తర్వాత కూడా ఎందుకు పనిచేసిందో నాలుగోది మాత్రమే చెబుతుంది.

వాల్వు ఎప్పుడు ఓడిపోయింది?

ట్రాన్సిస్టర్ వచ్చీ రాగానే వాల్వు పని అయిపోయిందన్న మాట నిజం కాదు. 1950లు వాల్వు విద్య శిఖరానికి చేరిన దశాబ్దం.

1956 సెప్టెంబరు 25న అట్లాంటిక్ సముద్రం అడుగున తొలి టెలిఫోన్ కేబుల్ టాట్-1 పని మొదలుపెట్టింది. స్కాట్లండ్‌లోని ఓబన్ నుంచి న్యూఫౌండ్‌లండ్‌లోని క్లారెన్‌విల్ దాకా రెండు కేబుళ్లు, ఒక్కోదానిలో 51 రిపీటర్లు, ఒక్కో రిపీటర్‌లో 3 వాల్వులు. మొత్తం 306. సముద్రగర్భంలో చెడితే మరమ్మతుకు ఓడ వెళ్లాలి. అంతటి పనికి బెల్ ల్యాబ్స్ తాను కనిపెట్టిన ట్రాన్సిస్టర్‌ను కాదని, 1930ల నుంచి పరీక్షిస్తూ వచ్చిన నిదానపు వాల్వునే ఎంచుకుంది. ఆ కేబుల్ 1978 దాకా నడిచింది.

రిసీవర్ల రంగంలోనూ ఇదే సంగతి. ఆర్థర్ కాలిన్స్ కంపెనీ అమెరికా సైన్యానికి రూపొందించిన ఆర్-390ఏ రిసీవర్‌లో 26 వాల్వులు. పళ్లచక్రాలు, క్యామ్‌లతో కదిలే ఫెర్రైట్ కోర్లు, ఫ్రీక్వెన్సీని అంకెల్లో చూపే యాంత్రిక కౌంటర్. దాదాపు 40 కిలోల ఆ యంత్రం అర మెగాహెర్ట్జ్ నుంచి 32 దాకా ఎక్కడ తిప్పినా చూపిన అంకె మీదే నిలిచేది. దక్షిణాఫ్రికాకు చెందిన ట్రెవర్ వాడ్లీ కనిపెట్టిన సర్క్యూట్‌తో బ్రిటిష్ కంపెనీ రాకాల్ చేసిన ఆర్.ఎ.-17 ఇంకో దారిలో అదే నిలకడను సాధించింది. అదీ వాల్వుల సెట్టే. ఆర్.సి.ఎ. 1959లో సైతం నువిస్టర్ అనే లోహపు బుల్లి వాల్వును విడుదల చేసింది.

మరోవైపు అంతరిక్షం. 1957 అక్టోబరు 4న ఎగిరిన స్పుత్నిక్ బరువు 83.6 కిలోలు. ఒక వాట్ శక్తి గల దాని ట్రాన్స్‌మిటర్‌లో వాల్వులున్నాయి. మూడు వారాలకు బ్యాటరీ అయిపోయి గొంతు ఆగింది. 1958 మార్చి 17న ఎగిరిన వాన్‌గార్డ్-1 కిలోన్నర కూడా లేదు. సౌరఘటాలతో నడిచిన దాని ట్రాన్సిస్టర్ ట్రాన్స్‌మిటర్ శక్తి 5 మిల్లీవాట్లు. 1964 దాకా పలికింది. ఈ పోలికను ట్రాన్సిస్టర్ గెలుపుగా చూపడం మామూలు. కానీ సోవియట్ ఇంజనీర్ల లెక్క వేరు. వాళ్ల రాకెట్‌కు బరువు మోసే శక్తి ఉంది. ప్రపంచంలోని ఏ అమెచ్యూర్ అయినా మామూలు షార్ట్‌వేవ్ సెట్‌లో వినగలిగేలా 20, 40 మెగాహెర్ట్జ్ దగ్గర గట్టిగా పలకాలన్నది వాళ్ల లక్ష్యం. వాళ్ల అవసరానికి వాల్వు సరైన ఎంపికే.

భాగాలు ఒకవైపు, పద్ధతులు ఒకవైపు

ఈ చర్చలో తరచు మరుగునపడే పాయ ఒకటుంది. మాటను రేడియో తరంగం మీదికి ఎక్కించే పద్ధతి మారడం కూడా పరికరం మారడమంత పెద్దదే.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో ఎఫ్.ఎం. పేటెంట్లు పొందాడు. యుద్ధంలో వాటిని అమెరికా సైన్యానికి రాయల్టీ లేకుండా ఇచ్చాడు. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. ప్రసారాలను 42–50 మెగాహెర్ట్జ్ నుంచి 88–108కి మార్చడంతో అప్పటిదాకా జనం కొన్న సెట్లన్నీ పనికిరాకుండా పోయాయి. పేటెంట్ల కోసం ఆర్.సి.ఎ.తో ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యాల మధ్యే ఆర్మ్‌స్ట్రాంగ్ 1954లో ప్రాణాలు తీసుకున్నాడు. ఆయన్ను ఒంటరి వీరుడిగా చూపే కథనాన్ని ఇటీవలి చరిత్రకారులు ప్రశ్నిస్తున్నారు. గ్యారీ ఫ్రాస్ట్ 2010లో రాసిన పుస్తకం ఎఫ్.ఎం. చాలామంది ఇంజనీర్ల చేతుల్లో కొద్దికొద్దిగా రూపుదిద్దుకుందని చూపింది.

సింగిల్ సైడ్‌బ్యాండ్ కథ వేరు. పూర్తిగా మాడ్యులేట్ చేసిన ఏ.ఎం. సిగ్నల్‌లో మూడింట రెండు వంతుల శక్తి ఏ సమాచారమూ లేని క్యారియర్‌కే పోతుంది. మిగిలిన ఒక వంతులోనూ ఒకే మాట రెండుసార్లు వెళుతుంది. క్యారియర్‌నూ, ఒక పక్కనూ తీసేస్తే శక్తి ఆదా, చోటు సగం. జాన్ కార్సన్ 1915లోనే ఈ సంగతి గుర్తించాడు. 1927లో అట్లాంటిక్ రేడియో టెలిఫోన్ దీన్ని వాడింది. మరి చిన్న సెట్లలోకి రావడానికి ఇంకో పాతికేళ్లు ఎందుకు పట్టింది? ఒక పక్కను కచ్చితంగా కోసేసే ఫిల్టరు, కొద్ది హెర్ట్జ్‌లు కూడా కదలని ఆసిలేటరు చవకగా దొరకలేదు. కాలిన్స్ 1952లో తెచ్చిన మెకానికల్ ఫిల్టరులో లోహపు బిళ్లలు కంపించి కావలసిన ఫ్రీక్వెన్సీలనే వదులుతాయి. 1956లో అమెరికా వైమానిక దళంలో జనరల్ కర్టిస్ లెమే అండతో జరిగిన పరీక్షల తర్వాత సింగిల్ సైడ్‌బ్యాండ్ ప్రమాణంగా నిలబడింది. చిన్న సెట్లలోకి రావడానికి సిద్ధాంతం నలభై ఏళ్లు ఆగింది చిన్న చిన్న భాగాల కోసం. తయారీ వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

నమ్మకం అనే ప్రమాణం

1952లో అమెరికా రక్షణశాఖ ఆగ్రీ అనే పొట్టి పేరుతో ఒక సలహా సంఘాన్ని వేసింది. ఎలక్ట్రానిక్ పరికరాలు ఎందుకు ఇంత తరచుగా చెడుతున్నాయి అన్నదే దాని పని. 1957 నివేదిక తర్వాత పరికరం ఎంత బాగా పనిచేస్తుందన్న ప్రశ్న పక్కన ఎన్ని గంటలు చెడకుండా పనిచేస్తుందన్న ప్రశ్న కూడా టెండరు కాగితంలోకి ఎక్కింది. అదే కాలంలో రెసిస్టర్లు, కండెన్సర్ల విలువలకు అంతర్జాతీయ వరుస కుదిరింది. 10, 22, 47 అంటూ సాగే ఆ అంకెలు ఏ దేశపు రేడియో మెకానిక్‌కైనా నోటికి వస్తాయి. ఒక దేశంలో చేసిన భాగం ఇంకో దేశపు సెట్‌లో అమరడానికి ఈ ఒప్పందం చేసిన మేలు పెద్దది.

భారతదేశం వైపు నుంచి చూస్తే

అమెరికా, బ్రిటన్, జపాన్‌ల చుట్టూ తిరిగే ఈ చర్చలో భారతదేశం ముడిసరుకు దేశంగానే కనిపిస్తుంది. కానీ 1954లో రక్షణశాఖ కింద బెంగళూరు దగ్గర జలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్ ఏర్పడింది. ఫ్రాన్స్‌కు చెందిన సి.ఎస్.ఎఫ్. సాంకేతిక సహాయం ఇచ్చింది. మొదట సెట్లు, తర్వాత 1960ల మొదట్లో వాల్వులు, జర్మేనియం ట్రాన్సిస్టర్లు అక్కడ తయారయ్యాయి. 1963లో హోమీ భాభా అధ్యక్షతన వేసిన ఎలక్ట్రానిక్స్ కమిటీలో విక్రమ్ సారాభాయితో పాటు ఇద్దరు తెలుగువాళ్లున్నారు. సూరి భగవంతం, అయ్యగారి సాంబశివరావు. స్వావలంబన లక్ష్యంగా ఆ కమిటీ 1966లో ఇచ్చిన నివేదిక మరుసటి ఏడాదే, 1967లో, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టింది సాంబశివరావే.

సెట్లు బిగించడం నేర్చుకున్న దేశానికీ, సెట్‌లోని ప్రతి భాగాన్నీ చేయగల దేశానికీ తేడా ఎంతో 1950ల జపాన్ చూపించింది. సోనీ ట్రాన్సిస్టర్లను తానే చేసుకుంది. గ్యాంగ్ కండెన్సర్, స్పీకర్, కాయిల్ చేసే చిన్న కంపెనీలు దాని చుట్టూ పెరిగాయి. భారతదేశం రెండో దారి పట్టడానికి ఆలస్యమైంది. అభ్రకం తవ్వి పంపిన నేలమీదికి అభ్రకం కండెన్సర్ చేసే విద్య అంత తేలిగ్గా రాలేదు.

ఇంకా తేలనివి

సైన్యం డబ్బు లేకపోతే ట్రాన్సిస్టర్ ఎంత ఆలస్యమయ్యేది? మీసా వాదాన్ని ఒప్పుకున్నవాళ్లు కూడా సంవత్సరాల లెక్క చెప్పలేకపోతున్నారు. జపాన్ ఉదాహరణతో దీన్ని తోసిపుచ్చడమూ కుదరదు. సోనీ కొన్న లైసెన్సు వెనక ఉన్న పరిశోధనలో సైన్యం డబ్బు ఉంది.

రెండో చిక్కు పోలికలది. 16 కిలోల వాకీ టాకీ పక్కన టీఆర్-1ను పెట్టి ఫొటో వేయడం పత్రికలకు ఇష్టం. మొదటిది మాట్లాడుతుంది, వింటుంది. రెండోది వింటుంది అంతే. టీఆర్-1ను పోల్చవలసింది 1945 నాటి బులెవార్డ్‌తో. అలా పోల్చినప్పుడు తేడా పరిమాణంలో కన్నా బ్యాటరీ ఖర్చులో, నమ్మకంలో, స్పీకరు ఉండడంలో కనిపిస్తుంది.

మూడోది శ్రమ. ట్రాన్సిస్టర్లకు వెంట్రుకకన్నా సన్నని తీగలు అతికిన అమ్మాయిలు, బ్రెజిల్‌లో స్ఫటికం తవ్వినవాళ్లు, గూడూరు గనుల దగ్గర పొరలు విడదీసినవాళ్లు ఈ నాలుగు వాదాల్లో దేనికీ మధ్యలో లేరు. తయారీ వాదం వీళ్లకు దగ్గరగా వచ్చింది కానీ ఇంజనీరు దగ్గరే ఆగిపోయింది. ఈ వాదం వైపు మొగ్గినవాళ్లు ముందుగా సరిదిద్దుకోవలసిన లోపం ఇది.

నెల్లూరు అభ్రకం మీద పనిచేసే పరిశోధక విద్యార్థులు ఆ చరిత్రను టన్నుల ఎగుమతి పట్టికల దగ్గర ఆపకూడదు. గూడూరు నుంచి మద్రాసు రేవుకు, అక్కడి నుంచి విదేశీ కండెన్సర్ ఫ్యాక్టరీకి, అందులోంచి రేడియోకు సరుకు వెళ్లిన దారిని గనుల రికార్డులు, రేవు రికార్డులు, కంపెనీ కాగితాలు కలిపి చదివి బయటపెట్టాలి. ఆ షెడ్లలో పనిచేసినవాళ్ల మాటలను వాళ్ల పిల్లల దగ్గరైనా సేకరించాలి. ఆ పని ఇంగ్లీషులో ఎవరో చేసేదాకా ఆగకుండా తెలుగులోనే మొదలుపెట్టాలి.